యీవూ ఎయిర్‌పోర్టుకి మొదటిసారి వెళ్తున్నారా? ముందే చూసుకోవాల్సినవి

చైనాలోని యీవూకి ట్రైన్‌లో వెళ్తే మంచిదా, ఫ్లైట్‌లో వెళ్తే మంచిదా అని మా విజయవాడ వన్‌టౌన్‌లో ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. ఫ్యాన్సీ సామాన్ల వ్యాపారం కాబట్టి నేను కొన్నేళ్లుగా అక్కడికి వెళ్లి వస్తున్నాను, రెండు దారులూ చూశాను. షాంఘైలో గానీ హాంగ్‌ఝౌలో గానీ దిగేవాళ్లకి ట్రైనే సుఖం. గ్వాంగ్‌ఝౌ నుంచి వచ్చేవాళ్లకి మాత్రం యీవూ ఎయిర్‌పోర్టే సరైన దారి, ఎందుకంటే అంత దూరం ట్రైన్‌లో కూర్చుంటే ఒక పూట మొత్తం పోతుంది, అదే ఫ్లైట్‌లో రెండు గంటలు. కాకపోతే మన శంషాబాద్‌లోనో గన్నవరంలోనో అలవాటైన పద్ధతి అక్కడ పనికిరాదు. అది తెలియక మనవాళ్లు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు, సామాన్లు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇదంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. చైనాలో చిన్న ఊళ్ల ఎయిర్‌పోర్టులు అక్కడి పౌరుల గుర్తింపు కార్డును లెక్కలో పెట్టుకుని నడుస్తాయి. వాళ్లు కార్డు గీస్తారు, కెమెరా ముందు మొహం పెడతారు, లోపలికి వెళ్లిపోతారు. మన చేతిలో ఉన్నది పాస్‌పోర్టు. చాలా మిషన్లు దాన్ని తీసుకోవు. కాబట్టి మిషన్ దగ్గర నిలబడి కుస్తీ పట్టకుండా మనిషి ఉన్న కౌంటరుకి వెళ్లాలి, దానికి తగ్గట్టు కాస్త ముందుగా వెళ్లాలి, కాగితాలు చేతిలో ఉండాలి. కింద రాసినవాటిలో సగానికి సగం దీని చుట్టూ తిరిగేవే.

అసలు ఈ ఎయిర్‌పోర్టు ఎలాంటిది

యీవూ జెజియాంగ్ ప్రావిన్స్‌లో జిన్‌హువా కింద ఉండే ఒక మాదిరి ఊరు. ఊరి స్థాయిని బట్టి చూస్తే ఎయిర్‌పోర్టు ఉండాల్సిన చోటు కాదు, కానీ అక్కడి హోల్‌సేల్ మార్కెట్ అలాంటిది. ఫుతియెన్ మార్కెట్ అని మనవాళ్లు పిలిచే ఆ యీవూ ఇంటర్నేషనల్ ట్రేడ్ సిటీలో ఐదు డిస్ట్రిక్టులు, 75,000 దాకా షాపులు ఉన్నాయి. క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, గిల్టు నగలు, బొమ్మలు, జిప్పులు, బటన్లు, పండగ లైట్లు, మన షాపుల్లో వేలాడేవన్నీ అక్కడ కనిపిస్తాయి. 2025 అక్టోబరులో గ్లోబల్ డిజిటల్ ట్రేడ్ సెంటర్ పేరుతో ఇంకో పెద్ద భాగం కూడా తెరిచారు. ఆ మార్కెట్‌కి వచ్చే కొనుగోలుదారుల వల్లే ఎయిర్‌పోర్టు నిలబడింది.

ఇది సైన్యం, పౌరులు కలిసి వాడుకునే ఎయిర్‌పోర్టు. ప్రయాణికులకి ఎదురయ్యే తేడా ఏంటంటే, టేకాఫ్ అప్పుడూ ల్యాండింగ్ అప్పుడూ కిటికీ తలుపు కిందికి దించమని చెప్తారు. మన అలవాటు దీనికి పూర్తిగా ఉల్టా, మనకి ఆ టైములో తెరవమంటారు. భాష తెలియక తెరిచి కూర్చుంటే ఎయిర్‌హోస్టెస్ వచ్చి మూసేస్తుంది, అందులో కంగారు పడాల్సిందేం లేదు. కానీ రన్‌వే వైపు ఫోన్ పెట్టి ఫోటోలు, వీడియోలు మాత్రం తీయొద్దు. ఇంట్లో పిల్లలకి చూపించాలని ఉంటుంది, నిజమే, కానీ సైన్యం వాడే చోట ఫోటోలు తీసి పరాయి దేశంలో సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి ఎందుకు. మార్కెట్‌లో ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి.

దారి ఎంచుకోవడం

మన దేశానికీ చైనాకీ మధ్య 2020లో ఆగిపోయిన డైరెక్ట్ విమానాలు 2025 అక్టోబరు 26న ఇండిగో కోల్‌కతా–గ్వాంగ్‌ఝౌ సర్వీసుతో మళ్లీ మొదలయ్యాయి, తర్వాత నవంబరులో ఢిల్లీ–గ్వాంగ్‌ఝౌ కూడా వచ్చింది. హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లకి హాంకాంగ్, బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్ మీదుగా కూడా దారులున్నాయి. ఏ దారిలో వెళ్లినా యీవూకి చివరి మెట్టు చాలావరకు చైనా లోపలి ప్రయాణమే అనుకుని లెక్క వేసుకోండి.

షాంఘై పుడాంగ్‌లో దిగితే హాంగ్‌చావ్ వైపు వెళ్లాలి. 2024 డిసెంబరు చివర్లో ఆ రెండు ఎయిర్‌పోర్టులను కలిపే రైలు మార్గం వచ్చింది, ముప్పావు గంట లోపే అటు చేరుకుంటారు, అక్కడి నుంచి హైస్పీడ్ ట్రైన్‌లో యీవూకి గంటన్నర నుంచి రెండు గంటలు. హాంగ్‌ఝౌ అయితే ఇంకా దగ్గర. గ్వాంగ్‌ఝౌలో జరిగే పెద్ద వ్యాపార ప్రదర్శన కాంటన్ ఫెయిర్ చూసుకుని అటు నుంచి యీవూ వెళ్లేవాళ్లు, అంటే ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు బ్యాచ్‌లు, గ్వాంగ్‌ఝౌ నుంచి ఫ్లైట్ పట్టుకోవడమే మేలు. ఫెయిర్ రోజుల్లో టికెట్లు తొందరగా అయిపోతాయి, ముందే కొనండి. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో, అంటే జనవరి ఆఖరు–ఫిబ్రవరి ప్రాంతంలో, మార్కెట్ రెండు వారాల దాకా మూసేస్తారు, ప్రయాణాల రద్దీ చెప్పనలవి కాదు. అక్టోబరు మొదటి వారంలో వాళ్ల జాతీయ దినోత్సవ సెలవులు. ఆ రెండు టైముల్లో వెళ్లకండి.

టికెట్ మీద పేరు

మన తెలుగువాళ్ల పేర్లతో వచ్చినంత చిక్కు ఇంకెవరికీ రాదేమో. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, పాస్‌పోర్టులో అది విడిగా సర్‌నేమ్ గడిలో ఉంటుంది, అసలు పేరేమో వెంకట సత్యనారాయణ అని రెండు మూడు ముక్కలు. ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు కార్డు మీద మరోలా. చైనా దేశీయ టికెట్ కొనేటప్పుడు వీటిలో ఏదీ చూడొద్దు. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున రెండు వరుసల్లో గుర్తులతో కలిపి అచ్చేసిన అక్షరాలుంటాయి చూడండి, అక్కడ ఏది ముందు వస్తే అది సర్‌నేమ్, తర్వాతది పేరు. అదే టైప్ చేయండి. ముక్కల మధ్య ఖాళీ లేకుండా టికెట్ మీద కలిసిపోతే ఫర్వాలేదు, కానీ ముందు వెనకలైతే ఒప్పుకోరు. నాతో వచ్చిన ఒకాయన ఇంటిపేరు, అసలు పేరు తారుమారు చేసి కొన్నాడు, కౌంటరులో దాన్ని సరిచేయించే సరికి గంట పట్టింది, అదృష్టం బాగుండి ఫ్లైట్ దొరికింది.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బుకింగ్ చేసేచోట రెండు గడులూ నింపమంటుంది. ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి కాబట్టి డబ్బు కట్టకముందే కస్టమర్ కేర్‌కి రాసి, జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇంకా వీలుంటే పాస్‌పోర్టునే సరిచేయించుకోండి, మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లకి అదే మంచిది.

పాస్‌పోర్టు నంబరు కూడా అంతే. పాతది రెన్యూ చేయించుకున్నాక బుకింగ్ యాప్‌లో పాత నంబరే ఉండిపోయి ఇబ్బంది పడ్డవాళ్లున్నారు.

ఇంట్లో ఉండగానే ఫోన్‌లో చేసుకోవాల్సిన పని

అక్కడ దిగాక చేద్దాంలే అనుకోవద్దు, ఎందుకంటే దిగాక నెట్ ఉండదు, నెట్ కోసం ఓటీపీ కావాలి, ఓటీపీ కోసం సిగ్నల్ కావాలి.

అక్కడ ఫోన్‌తో డబ్బు కట్టడానికి వాడే అలీపే యాప్ వేసుకుని పాస్‌పోర్టుతో వెరిఫై చేయించుకుని మీ వీసా లేదా మాస్టర్ కార్డును కలపండి. మన బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం మొదట్లో ఆపేసే ఉంటుంది, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మీరే ఆన్ చేసుకోవాలి. ఇది చేయకుండా వెళ్లి కార్డు పనిచేయట్లేదు అని బాధపడేవాళ్లే ఎక్కువ. అలీపేలో 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు ఛార్జీ ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. ట్యాక్సీకి, టీకి, నూడుల్స్‌కి దీన్ని మించిన మార్గం లేదు. ట్యాక్సీ పిలిచే దీదీ కూడా అలీపే లోపలే ఉంటుంది, విడిగా వేసుకోనక్కర్లేదు. వీచాట్ కూడా పెట్టుకోండి, మార్కెట్‌లో షాపువాళ్లంతా అందులోనే మాట్లాడతారు. నగదు కూడా కొంచెం దగ్గర ఉంచుకోండి, చిన్న నోట్లుగా. విదేశీ నగదు 5,000 డాలర్ల విలువ దాటితే చైనా కస్టమ్స్‌కి డిక్లేర్ చేయాలి, ఇది వ్యాపారం మీద వెళ్లేవాళ్లు మర్చిపోకూడదు.

గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో, అక్కడి సిమ్‌లో రావు. మన సిమ్ మీద ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ వేసుకుంటే వస్తాయి, ఎందుకంటే డేటా మన దేశం మీదుగా తిరిగొస్తుంది. పైగా బ్యాంకు ఓటీపీలు కూడా అందుతాయి. అందుకే నేను ఎన్ని రోజులకైనా రోమింగ్ ప్యాకే తీసుకుంటాను, కాస్త ఖరీదైనా సరే. ఎయిర్‌పోర్టు ఫ్రీ వైఫై నమ్ముకోవద్దు, దానికీ ఫోన్ నంబరుకి కోడ్ రావాలి. అనువాదం యాప్‌లో చైనీస్ భాషను ఆఫ్‌లైన్‌గా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

2025 నవంబరు 20 నుంచి చైనా అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో ముందే నింపే వీలు వచ్చింది. నింపి క్యూఆర్ కోడ్‌ను సేవ్ చేసుకుంటే ఇమిగ్రేషన్ దగ్గర పెన్ను వెతుక్కునే పని తప్పుతుంది.

ఇంకొకటి, హోటల్ పేరు, అడ్రసు చైనీస్ లిపిలో ఉన్న ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. ఇంగ్లీషులో చెప్తే ట్యాక్సీ డ్రైవరుకి అర్థం కాదు.

గ్వాంగ్‌ఝౌలో మారేటప్పుడు

చైనాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్. వేలిముద్రలు, అధికారి ప్రశ్నలు, ఆ తర్వాత బ్యాగు తీసుకుని కస్టమ్స్ దాటి, దేశీయ టెర్మినల్‌కి వెళ్లి మళ్లీ బ్యాగు ఇవ్వాలి. టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు ఇదంతా మన భుజాల మీదే పడుతుంది. మధ్యలో కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. మొదటి ఫ్లైట్ లేటై రెండోది వెళ్లిపోతే విడి టికెట్లకి ఎవరూ బాధ్యత తీసుకోరు. ఒకే టికెట్ మీద దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి.

గ్వాంగ్‌ఝౌ బైయున్ ఎయిర్‌పోర్టులో 2025 అక్టోబరు 30న మూడో టెర్మినల్ కూడా తెరిచారు, కాబట్టి ఏ టెర్మినల్‌లో దిగుతున్నారు, ఏ టెర్మినల్ నుంచి ఎక్కాలి అన్నది టికెట్ మీద చూసి మరీ నడవండి.

తిండి సామాన్ల విషయంలో, తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు, మాంసం, గుడ్లు, పాలు, వెన్న, జున్ను లాంటివి చైనాలోకి తీసుకెళ్లనివ్వరు. పాల సరుకులు నిషేధం కాబట్టి నెయ్యి డబ్బా ఇంట్లోనే వదిలేయండి. కందిపొడి, కరివేపాకు పొడి లాంటి పొడులు ప్యాకింగ్ బాగా చేసి చెకిన్ బ్యాగులో వేసుకుంటాను, నాకు ఇప్పటిదాకా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆవకాయ మాత్రం హ్యాండ్ బ్యాగులో వద్దు, నూనె కాబట్టి సెక్యూరిటీలో ఆగుతుంది.

యీవూలో దిగాక

ఇది చాలా తేలిక. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో నడిచిన దూరంలో ఇక్కడ పావు వంతు కూడా ఉండదు, బ్యాగులు తొందరగా వస్తాయి, బయటికొస్తే ట్యాక్సీలు. ఊరు దగ్గరే. తలుపు దగ్గర చేయి ఊపుతూ పిలిచేవాళ్లతో వెళ్లకుండా ట్యాక్సీల వరుసలోకి గానీ, దీదీ పిలుచుకుని గానీ వెళ్లండి. వరుసలోని ట్యాక్సీ అయితే మీటర్ వేశాడో లేదో చూడండి.

మన టైము కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి రాత్రి ఫ్లైట్‌లో దిగితే మనకి ఇంకా సాయంత్రంలా అనిపిస్తుంది, అక్కడేమో షాపులు మూసేసి ఉంటాయి. మార్కెట్ కూడా సాయంత్రం ఐదు, ఐదున్నరకల్లా కట్టేస్తారు. మధ్యాహ్నం దిగి ఆ రోజే పని మొదలుపెడదాం అనుకోవద్దు.

హోటల్లో దిగితే పాస్‌పోర్టు స్కాన్ చేసి పోలీసు రిజిస్ట్రేషన్ వాళ్లే చేస్తారు. ఏజెంటు ఫ్లాట్‌లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉంటే మాత్రం 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో మనమే నమోదు చేయించుకోవాలి. మా వాళ్లు ఖర్చు కలిసొస్తుందని ఫ్లాట్లలో ఉంటారు, నమోదు మాత్రం మర్చిపోతారు. అది చిన్న విషయం కాదు, జరిమానా దాకా పోతుంది.

తిరుగు ప్రయాణం, అసలు కష్టం ఇక్కడే

వెళ్లేటప్పుడు సంచి ఖాళీ, వచ్చేటప్పుడు శాంపిల్స్‌తో నిండి ఉంటుంది. యీవూ నుంచి ఎక్కేవాళ్లంతా దాదాపు ఇలాంటివాళ్లే కాబట్టి అక్కడి స్టాఫ్‌కి ఇది కొత్త కాదు, కానీ రూలు రూలే.

చెకిన్ కౌంటరు సాధారణంగా ఫ్లైట్‌కి ముప్పావు గంట ముందు మూసేస్తారు, కొన్నిచోట్ల ఇంకా ముందే. మీరు రెండు గంటల ముందు ఉండేలా చూసుకోండి. ఎయిర్‌పోర్టు చిన్నదే కదా, అరగంట ముందు చాలు అని స్థానికులు అంటారు, వాళ్లకి సరిపోతుంది, మనకి సరిపోదు. సెల్ఫ్ చెకిన్ మిషన్ మీద పాస్‌పోర్టు గుర్తు ఉంటే ఒక్కసారి ప్రయత్నించండి, పనిచేయకపోతే వెంటనే కౌంటరుకి పోండి. పాస్‌పోర్టును వాళ్ల భాషలో హూజావ్ అంటారు, ఆ ఒక్క మాట చెప్పి చేతికిస్తే చాలు. బోర్డింగ్ పాస్ కాగితం మీదే అడిగి తీసుకోండి. ఫోన్‌లో వచ్చే కోడ్ స్థానిక కార్డుకి అతుక్కుని పనిచేస్తుంది, సెక్యూరిటీ దగ్గర మనకి కాగితమే దిక్కు.

దేశీయ టికెట్‌కి చెకిన్ బరువు చాలావరకు 20 కిలోలే ఇస్తారు. అంతర్జాతీయ టికెట్ మీద రెండు బ్యాగులు ఉన్నాయి కదా అని దాని లెక్కన సర్దుకుంటే, విడిగా కొన్న యీవూ–గ్వాంగ్‌ఝౌ టికెట్ మీద అదనపు బరువుకి కట్టాల్సి వస్తుంది. హ్యాండ్ బ్యాగు బరువు కూడా తూచే చోట్లున్నాయి. అంత శాంపిల్ ఉంటే మీ ఏజెంటుకి ఇచ్చి కంటైనర్‌లోనో కార్గోలోనో పంపించేయండి, అవసరమైన నాలుగు ముక్కలే బ్యాగులో వేసుకోండి.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తు పెట్టుకోండి. బ్యాగు బెల్టు మీద వేశాక వెంటనే వెళ్లిపోకండి. ఐదు నిమిషాలు కౌంటరు పక్కనే నిలబడండి. బ్యాగు ఎక్స్‌రేలోకి వెళ్తుంది, అందులో బ్యాటరీ గానీ లైటర్ గానీ కనిపిస్తే మనల్ని పిలిచి ఓ గదిలో తెరిపిస్తారు. మనం అప్పటికే లోపలికి వెళ్లిపోతే పిలుపు చైనీస్‌లో వినిపిస్తుంది, మన పేరు వాళ్లు పలికే తీరుకి అది మన పేరే అని మనకి తెలియదు. బ్యాగు అక్కడే ఉండిపోతుంది. స్టాఫ్ తల ఊపి సరే అన్నాకే కదలండి.

ఏ శాంపిల్ ఎందులో వేయాలి అంటే, సిగరెట్ లైటర్లు, అగ్గిపెట్టెలు ఎందులోనూ వద్దు, చేతి సంచిలో వద్దు, చెకిన్‌లో వద్దు, చైనాలో రెండిటికీ నిషేధం. లైటర్ల వ్యాపారం చేసేవాళ్లు శాంపిల్స్‌ను విమానంలో తెచ్చే ఆలోచనే మానుకోవాలి. బొమ్మ తుపాకులు, అచ్చం నిజం తుపాకీలా కనిపించేవి, అక్కడ చట్టం దృష్టిలో చాలా పెద్ద విషయం, విడి శాంపిల్‌గా కూడా తీసుకోవద్దు. కత్తెరలు, కూరల కత్తులు చెకిన్‌లోనే. విడి లిథియం బ్యాటరీలు చెకిన్‌లో వేయకూడదు, చేతి సంచిలో పెట్టుకోవాలి. సెంటు సీసాలు, స్ప్రే డబ్బాలు కొనేముందు ఆలోచించండి, మండే గుణం ఉన్నవి, గ్యాస్ నింపినవి చాలావరకు ఆగిపోతాయి.

పవర్ బ్యాంకు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది దీంతోనే. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ గుర్తు లేని పవర్ బ్యాంకులు నిషేధం. ఆ గుర్తు అంటే ఓ అండాకారంలో సీసీసీ అని ఉండే ముద్ర. మన దేశంలో కొన్న వాటి మీద ఆ ముద్ర సాధారణంగా ఉండదు. గుర్తు చెరిగిపోయినా, కంపెనీ వెనక్కి పిలిచిన మోడలైనా అంతే. హైదరాబాద్‌లో అభ్యంతరం లేకుండా ఎక్కించిన పవర్ బ్యాంకు గ్వాంగ్‌ఝౌలో దేశీయ ఫ్లైట్ మారేటప్పుడు ఆగిపోతుంది. నాకూ అలాగే జరిగింది, ఇంకో ఊళ్లో, కొత్తగా కొన్నదాన్ని ట్రేలో వదిలేసి రావాల్సి వచ్చింది. కాబట్టి ఇంటి నుంచి తీసుకెళ్లకండి. అవసరమైతే అక్కడే 3సీ ముద్ర ఉన్నది కొనుక్కోండి, తిరిగొచ్చేటప్పుడు కూడా అది పనికొస్తుంది. 100 వాట్ అవర్ల లోపు ఉండాలి, 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే సుమారు 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. ఆ అంకె దాని మీద స్పష్టంగా అచ్చై ఉండాలి, చెకిన్ బ్యాగులో వేయకూడదు, విమానంలో దాంతో ఫోన్ ఛార్జ్ చేయకూడదు.

సెక్యూరిటీలో లాప్‌టాప్‌తో పాటు గొడుగు కూడా బయటికి తీయమంటారు, మనకి అలవాటు లేదు. పవర్ బ్యాంకు, కెమెరా, గొడుగు, ఇవన్నీ ఒకే సంచిలో పైన పెట్టుకుంటే ట్రేలో పోసేయొచ్చు. నీళ్ల సీసాలో నీళ్లు ఒంపేయండి, సీసా దాచుకోండి. చిన్న గద్దె లాంటిది ఉంటుంది, దాని మీద నిలబడి చేతులు చాపితే డిటెక్టర్‌తో పాటు చేత్తో కూడా తడిమి చూస్తారు. ఆడవాళ్లకి ఆడవాళ్లే చూస్తారు. గాజులు ఎక్కువ వేసుకుంటే, నడుముకి ఏదైనా కట్టుకుంటే మోగుతుంది, రెండుసార్లు తిప్పి చూస్తారు, మర్యాదగానే చూస్తారు.

లోపలికి వెళ్లాక

ఖాళీ సీసా దాచుకోమన్నది ఇందుకే, లోపల వేడినీళ్ల మిషన్ ఉంటుంది. చైనాలో చిన్న ఎయిర్‌పోర్టుల్లో కూడా ఇది ఉంటుంది. ఖాయ్‌ష్వే అంటే మరిగిన నీళ్లు. ఆ నీళ్లతో కప్ నూడుల్స్ చేసుకునేవాళ్లు చుట్టూ కనిపిస్తారు. శాకాహారులు అక్కడ దొరికే వాటి మీద ఆధారపడొద్దు, కూరగాయల నూడుల్స్ అని బొమ్మ ఉన్నా పులుసు మాంసం ఎముకలతో కాచినది అయ్యుండొచ్చు. యీవూ ఊళ్లో ఇండియన్ హోటళ్లు బాగానే ఉన్నాయి, బయల్దేరేముందు రెండు చపాతీలు కట్టించుకోండి. నేను అటుకులు, పుట్నాల పొడి తీసుకెళ్తాను, వేడినీళ్లు పోస్తే అయిపోతుంది.

గేటును ఫ్లైట్‌కి 15–20 నిమిషాల ముందే మూసేస్తారు. గేటు మారితే ఒక్కోసారి చైనీస్‌లో మాత్రమే చెప్తారు. మీ చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా లేచి ఒకవైపు నడిస్తే మీరూ లేచి బోర్డు చూడండి. వేరీఫ్లైట్ అనే యాప్ ఇంగ్లీషులో కూడా ఉంటుంది, ఫ్లైట్ నంబరు కొడితే ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత లేటు, ఏ గేటు అన్నీ తెలుస్తాయి. కుర్రవాళ్లని అడిగితే ఫోన్‌లో అనువాదం పెట్టి మరీ చెప్తారు, మొహమాటపడొద్దు. ఒకసారి ఓ కాలేజీ అమ్మాయి నన్ను కొత్త గేటు దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టి వెళ్లింది, ఆ మేలు నేను మర్చిపోలేను.

లేటైతే

ఇది తరచుగా జరిగేదే. జూన్‌లో ఆ ప్రాంతంలో ఆగకుండా వానలు, జూలై నుంచి సెప్టెంబరు దాకా తుఫాన్లు, పైగా గగనతలంలో సైన్యం వాడే భాగం ఎక్కువ కాబట్టి విమానాలను ఆపి వదులుతుంటారు. బోర్డు మీద కారణం రాయకపోవచ్చు. యెన్‌వూ అన్న మాట వినిపిస్తే ఆలస్యం అని అర్థం.

మన హక్కులు తెలుసుకుని ఉంటే అడగొచ్చు. చైనాలో 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, విమానం రిపేరు, సిబ్బంది లేకపోవడం లాంటి ఎయిర్‌లైన్ సొంత కారణాల వల్ల బయల్దేరే చోట ఆలస్యమైతే భోజనం, అవసరమైతే బస వాళ్లే ఇవ్వాలి. వాతావరణం, గగనతల నియంత్రణ లాంటి కారణాలైతే ఖర్చు మనదే, హోటల్ చూపించడంలో సాయం మాత్రం చేస్తారు. మధ్యలో ఆగిన చోటో, విమానాన్ని వేరే ఊరికి మళ్లించిన చోటో అయితే కారణం ఏదైనా ఎయిర్‌లైనే చూసుకోవాలి. విమానం ఎక్కాక కదలకుండా రెండు గంటలు దాటితే నీళ్లు, తిండి ఇవ్వాలి, మూడు గంటలు దాటి ఇంకా టైము తెలియకపోతే భద్రతకి ఇబ్బంది లేనప్పుడు దించాలి. కౌంటరు దగ్గరికెళ్లి గట్టిగా అరవడం వల్ల పని జరగదు, ఆలస్యం సర్టిఫికెట్ అడగండి, ఇస్తారు, ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిముకి అదే ఆధారం.

ఇవన్నీ తెలిసినా, తిరుగు ప్రయాణంలో ఇండియా ఫ్లైట్ ఉన్న రోజునే యీవూ నుంచి బయల్దేరే సాహసం నేను చేయను. ముందు రోజు పొద్దున ఫ్లైట్‌కి గ్వాంగ్‌ఝౌ వెళ్లి ఒక రాత్రి అక్కడ ఉంటాను, ఆ ఒక్క గది అద్దె పోయిన అంతర్జాతీయ టికెట్ ముందు ఎంత. ఒకవేళ యీవూ ఫ్లైట్ రద్దయితే ఊళ్లోనే హైస్పీడ్ రైల్వే స్టేషన్ ఉంది, టికెట్ మీద రిఫండ్ రాయించుకుని నేరుగా అక్కడికి వెళ్లండి, పాస్‌పోర్టు చూపించి మనిషి ఉన్న కౌంటరులో గ్వాంగ్‌ఝౌకో షాంఘైకో టికెట్ అడగండి.